ప్రాసెసర్ 0.79 దగ్గరే ఎందుకు ఆగిపోయింది?

ప్రశ్న: నా లాప్‌టాప్‌లో ఇంటెల్ కోర్ ఐ5-9300హెచ్ ప్రాసెసర్ ఉంది. కొన్నప్పుడు 4.1 గిగాహెర్ట్జ్ వేగం అని చెప్పారు. కొన్నేళ్లు హాయిగా పనిచేసింది. ఈమధ్య ఫైలు తెరవాలన్నా, బ్రౌజర్‌లో ఇంకో ట్యాబ్ తెరవాలన్నా నత్తనడకే. టాస్క్ మేనేజర్‌లో వేగం 0.79 గిగాహెర్ట్జ్ అని చూపిస్తోంది. ఎంత పని ఇచ్చినా ఆ అంకె కదలదు. విచిత్రం ఏమిటంటే ప్రాసెసర్ వాడకం 33 శాతం దాటడం లేదు, అయినా అన్నీ బిగుసుకుపోతున్నాయి. వైరస్ అనుకుని విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను, ఫలితం లేదు. రిపేరు చేసే ఆయన మదర్‌బోర్డు పోయిందని తేల్చేశారు. మదర్‌బోర్డు మార్చాలా, ర్యామ్ పెంచితే సరిపోతుందా? అన్నట్టు, పాత చార్జర్ తీగ తెగిపోతే కొత్తది కొన్నాను. పిన్ సరిగ్గా సరిపోయింది, లైటు కూడా వెలుగుతోంది. ఆన్ చేసినప్పుడు మాత్రం చార్జర్ గురించి ఇంగ్లిషులో ఏదో సందేశం వస్తుంది. ఒక మీట నొక్కితే పోతుంది.

సమాధానం: మీ ఉత్తరంలో అసలు సంగతి 'అన్నట్టు' తర్వాతే ఉంది. చార్జర్ మార్చిన విషయం, ఆన్ చేయగానే వచ్చే సందేశం మీరు మాటవరసకు రాశారు. నేను మొదట పట్టుకునేది ఆ రెండింటినే. మదర్‌బోర్డు జోలికి ఇప్పుడే వెళ్లకండి. విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం ఎలాగూ పుండొకచోట, మందొకచోట అయింది. అయినా ఆ శ్రమ పూర్తిగా వృథా కాలేదు. కొత్త విండోస్‌లోనూ అదే అంకె కనిపిస్తోందంటే తప్పు సాఫ్ట్‌వేర్‌లో ఉండే అవకాశం బాగా తగ్గిపోయినట్టే.

ముందు ఆ 4.1 సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే చాలామంది దాని దగ్గరే తప్పుదారి పడతారు. మీ ప్రాసెసర్‌కు రెండు వేగాలు ప్రకటించారు. ఒకటి బేస్ స్పీడ్, 2.4 గిగాహెర్ట్జ్. రెండోది టర్బో గరిష్ఠ వేగం, 4.1. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో వేసేది రెండోదాన్ని. హామీ లాంటిది మాత్రం మొదటిది. 45 వాట్ల విద్యుత్తు, దానికి తగ్గ చల్లదనం ఉంటే అన్ని కోర్లూ (ప్రాసెసర్ లోపల విడివిడిగా పనిచేసే భాగాలు) పనిలో ఉన్నా 2.4 నిలబడాలి. 4.1 అనేది ఒకటి రెండు కోర్ల మీదే భారం ఉన్నప్పుడు, వేడీ విద్యుత్తూ అనుకూలించినంతసేపు అందే వేగం. నాలుగు కోర్లూ ఒకేసారి కష్టపడుతుంటే అంత ఎత్తుకు వెళ్లదు. వెళ్లినా అక్కడే కూర్చోదు.

రెండు వేగాలు ఎందుకంటే, వేగం పెంచాలంటే సాధారణంగా వోల్టేజీ కూడా పెంచాలి. చిప్ తినే విద్యుత్తు వేగాన్ని బట్టి ఒకసారి, వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని వోల్టేజీతోనే హెచ్చిస్తే వచ్చేదాన్ని) బట్టి మరోసారి పెరుగుతుంది. రెండింటినీ 20 శాతం చొప్పున పెంచి చూడండి. ఖర్చు దాదాపు 73 శాతం పెరుగుతుంది, అదంతా వేడిగానే బయటికి రావాలి. ఈ లెక్క కుదరకే ఇంటెల్ 2004లో 4 గిగాహెర్ట్జ్ పెంటియమ్ 4 ప్రాసెసర్ ఆలోచనను విరమించుకుంది. 2008లో కోర్ ఐ7తో వచ్చిన టర్బో బూస్ట్ ఆ ఇబ్బందికి వేరే దారి చూపింది. అందరికీ ఒకే వేగం అనకుండా, చోటు దొరికినంత సేపు పరుగెత్తి, దొరకనప్పుడు తగ్గడం. లాప్‌టాప్ లాంటి ఇరుకు పెట్టెలో ఈ పద్ధతి లేకపోతే ఇప్పటి ప్రాసెసర్లు నడవవు.

కాబట్టి ఎవరైనా '4.1 అన్నారు, నాకు 3.2 మాత్రమే వస్తోంది' అని రాస్తే నేను పెద్దగా కంగారు పడను. ఏ పనీ లేనప్పుడు 0.8 చూపించినా కంగారు లేదు. ఖాళీగా ఉన్న ప్రాసెసర్ విద్యుత్తు ఆదా కోసం తనంతట తాను తగ్గి ఉంటుంది, ఉండాలి కూడా. మీ పరిస్థితి వేరు. చార్జర్ పెట్టి, నిండా పని ఇచ్చి, అప్పుడు కూడా 2.4కు మూడో వంతులో ఉంది. అది లోపమే. అందులో సందేహం లేదు.

ఇక 33 శాతం విచిత్రం. చాలా విండోస్ వెర్షన్లలో టాస్క్ మేనేజర్ ఆ శాతాన్ని బేస్ స్పీడుతో పోల్చి లెక్కకడుతుంది. 0.79ని 2.4తో భాగించి చూడండి, 0.33 వస్తుంది. అంటే మీ ప్రాసెసర్ ఖాళీగా లేదు. కాళ్లకు సంకెళ్లు వేసి పరుగెత్తమంటే ఎంత చేయగలదో అంతా చేస్తోంది, టాస్క్ మేనేజర్ దాన్నే 33 శాతం అంటోంది. మీరు పంపిన ఈ రెండు అంకెలూ ఒకదానికొకటి ఇంత కచ్చితంగా సరిపోవడం నాకు సంతోషం కలిగించింది. ఉత్తరాల్లో ఇలాంటి వివరం అరుదుగా దొరుకుతుంది.

0.79 కూడా ఏదో యాదృచ్ఛికంగా వచ్చిన అంకె కాదు. ఈ ప్రాసెసర్లలో వేగం అంటే 100 మెగాహెర్ట్జ్ మూల గడియారాన్ని ఒక గుణకంతో హెచ్చించగా వచ్చేది. గుణకం 8 అయితే 800 మెగాహెర్ట్జ్. మూల గడియారం వాస్తవంలో వందకు వెంట్రుకవాసి తక్కువగా నడుస్తుంది కనుక తెర మీద 0.80 బదులు 0.79, ఒక్కోసారి 0.78 కనిపిస్తుంది. కొన్ని యంత్రాల్లో గుణకం 4కు పడిపోతుంది, అప్పుడు 0.39 చూపిస్తుంది. ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, మీ ప్రాసెసర్ అలసిపోయి ఆగలేదు. ఎవరో దాన్ని అట్టడుగు గుణకానికి దించి అక్కడ తాళం వేశారు. ఆ ఎవరో ఎవరన్నదే ప్రశ్న.

ప్రాసెసర్ నిదానించే తీరు చూస్తేనే కారణం చాలావరకు తెలిసిపోతుంది. వేడి వల్ల తగ్గే వేగం గీత రంపపు పళ్లలా ఉంటుంది: పని మొదలవగానే 3.5 దాకా ఎక్కుతుంది, కొద్దిసేపటికి ఉష్ణోగ్రత 100 డిగ్రీలకు చేరి వేగం జారుతుంది, చల్లబడి మళ్లీ ఎక్కుతుంది. విద్యుత్తు పరిమితి వల్ల అయితే కొన్ని సెకన్లు గట్టిగా పరుగెత్తి, ఆ తర్వాత ఒక మెట్టు దిగి అక్కడే నిలకడగా సాగుతుంది. చాలా ప్రాసెసర్లలో ఈ గడువు 28 సెకన్లు, లాప్‌టాప్ తయారీదారు దాన్ని మార్చుకోవచ్చు. ఇది జబ్బు కాదు, యంత్రం స్వభావం. సరిగ్గా బేస్ స్పీడు దగ్గర, మీ విషయంలో 2.4 దగ్గర, ఆగి అంగుళం పైకి వెళ్లకపోతే టర్బో ఆపేసి ఉందని అర్థం. మీ గీత ఈ మూడింటిలోనూ లేదు. ఆన్ చేసిన క్షణం నుంచి, చల్లగా ఉన్నప్పుడు కూడా, 0.79 దగ్గర తాడు లాగి కట్టినట్టు అడ్డంగా ఉంది. వేడెక్కకముందే తగ్గిందంటే కారణం వేడి కాదు.

ఇలాంటి అడ్డగీతకు మామూలుగా కారణమయ్యేది ప్రాక్‌హాట్ అనే సంకేతం. ప్రాసెసర్‌ను బోర్డుకు కలిపే సన్నని కాళ్లలో (పిన్నుల్లో) ఒకటి దీనికోసమే. తాను మరీ వేడెక్కినప్పుడు బయటికి చెప్పుకోవడానికి మొదట దీన్ని పెట్టారు. తర్వాత దీన్ని రెండువైపులా పనిచేసేలా చేశారు. ఇప్పుడు మదర్‌బోర్డు మీద ఉన్న ఇతర భాగాలు కూడా ఆ తీగ మీద సంకేతం ఇచ్చి 'వేగం తగ్గించు' అని ప్రాసెసర్‌ను ఆదేశించవచ్చు. వోల్టేజీ సరిచేసే భాగాలు కాగుతున్నా, బ్యాటరీ సరిపడా కరెంటు ఇవ్వలేకపోయినా, చార్జర్ మీద నమ్మకం లేకపోయినా బోర్డు ఆ పనే చేస్తుంది. ప్రాసెసర్ కారణం అడగదు, వెంటనే దిగిపోతుంది.

చార్జర్ మీద నమ్మకం అన్నాను కదా, అది కొంచెం వివరంగా చూడాలి. మీది 45 వాట్ల ప్రాసెసర్. ఈ తరగతి లాప్‌టాప్‌లలో విడి గ్రాఫిక్స్ చిప్ కూడా ఉండటం మామూలే. ప్రాసెసర్, గ్రాఫిక్స్, తెర, బ్యాటరీ చార్జింగ్ అన్నీ కలిపి చూస్తే 65 వాట్ల చార్జర్ చాలదు. అందుకే వీటితో 130 వాట్లు, కొన్నిటితో అంతకన్నా ఎక్కువ సామర్థ్యం ఉన్న చార్జర్లు ఇస్తారు. అయితే 65 వాట్లదీ 130 వాట్లదీ ఒకే పిన్నుతో రావచ్చు. పిన్ సరిపోయింది, లైటు వెలిగింది అంటే వోల్టేజీ అందుతోందని మాత్రమే అర్థం. ఎంత కరెంటు ఇవ్వగలదో లైటు చెప్పదు.

ఇప్పుడు మీ రెండు చార్జర్లూ పక్కపక్కన పెట్టండి (పాతది పారేయలేదనే ఆశ). వాటి మీద సన్నని అక్షరాల్లో 'ఔట్‌పుట్' అన్న చోట వోల్టులు, ఆంపియర్లు ఉంటాయి. ఆ రెండింటినీ హెచ్చించండి. 19.5 వోల్టులు, 6.67 ఆంపియర్లు అయితే 130 వాట్లు. 19.5 వోల్టులే, కానీ 3.34 ఆంపియర్లు అయితే 65 వాట్లే. వోల్టులు రెండిటికీ ఒకటే కావాలి, ఆంపియర్లు పాతదానితో సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండాలి. ఎక్కువ ఆంపియర్ల చార్జర్ పెడితే కాలిపోతుందనే భయం చాలామందికి ఉంది, అది నిజం కాదు. యంత్రం తనకు కావలసినంతే తీసుకుంటుంది. కీడు చేసేది వోల్టేజీ తేడా.

వాట్లు సరిపోయినా ఇంకో మెలిక మిగిలి ఉండవచ్చు. కొన్ని కంపెనీల గుండ్రని పిన్ను లోపలికి చూస్తే మధ్యలో సూది లాంటి సన్నని తీగ కనిపిస్తుంది. దాని గుండా విద్యుత్తు రాదు. 'నేను ఫలానా చార్జర్‌ను, నా సామర్థ్యం ఇంత' అనే సమాచారం మాత్రమే వస్తుంది. నకలు చార్జర్లలో ఆ సమాచారం ఇచ్చే భాగం ఉండకపోవచ్చు. ఉన్నా ఆ సూది వంగిపోయి, లాప్‌టాప్ రంధ్రంలో దానికి తగలాల్సిన చోట తగలకపోవచ్చు. లాప్‌టాప్‌కు చార్జర్ ఎవరో తెలియనప్పుడు అది అత్యంత బలహీనమైనదిగానే లెక్కేసుకుంటుంది: బ్యాటరీ ఎక్కించడం ఆపేస్తుంది, ప్రాసెసర్‌ను అట్టడుగుకు దించుతుంది. యూఎస్‌బీ-సీ చార్జర్లలో సూది ఉండదు కానీ ఇదే సంభాషణ వేరే పద్ధతిలో జరుగుతుంది. అక్కడ చార్జర్ మాత్రమే కాదు, కేబుల్ కూడా తక్కువ రకానిదైతే తక్కువ వాట్లకే ఒప్పందం కుదురుతుంది.

ఆన్ చేయగానే వచ్చే సందేశం ఇదే చెప్పబోతోంది. ఈసారి మీట నొక్కకుండా ఫోనుతో ఒక ఫొటో తీసి నిదానంగా చదవండి. చార్జర్ రకం గుర్తించలేకపోయాం అని ఉంటే సమస్య ఆ గుర్తింపు తీగది. చార్జర్ సామర్థ్యం సిఫారసు చేసిన దానికన్నా తక్కువ, కాబట్టి పనితీరు తగ్గిస్తున్నాం అని ఉంటే సమస్య వాట్లది. ఇంత స్పష్టంగా యంత్రమే మొరపెట్టుకుంటుంటే మీట నొక్కి దాటేయడం మనందరికీ అలవాటైపోయింది. దాన్ని చూసి కూడా మదర్‌బోర్డు పోయిందని తేల్చిన వారిని మాత్రం నేను అంత తేలిగ్గా వదలను. బ్యాటరీ గుర్తు మీద మౌస్ పెట్టి చూడండి. ప్లగ్ పెట్టి ఉన్నా చార్జ్ అవడం లేదని చూపిస్తే, శాతం రోజంతా ఒకచోటే ఉంటే, అది రెండో సాక్ష్యం.

మూడో సాక్ష్యం ఒక చిన్న పరీక్ష. ఖర్చు లేదు, స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. బ్యాటరీలో కనీసం సగం చార్జ్ ఉన్నప్పుడు లాప్‌టాప్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేయండి. స్లీప్ కాదు, షట్‌డౌన్. చార్జర్ పీకేయండి. పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టుకుని వదలండి. దీంతో బోర్డు మీద విద్యుత్తు వ్యవహారాలు చూసే చిన్న చిప్ తన పాత నిర్ణయాలు మరచిపోతుంది. చాలా లాప్‌టాప్‌లలో ఇది పనిచేస్తుంది. చార్జర్ పెట్టకుండానే ఆన్ చేయండి. టాస్క్ మేనేజర్‌లో 'పర్ఫార్మెన్స్' పేజీ తెరిచి పెట్టి, ప్రాసెసర్‌కు పని ఇవ్వండి. పని ఇవ్వడానికి 7-జిప్ అనే ఉచిత ప్రోగ్రాంలో 'టూల్స్' కింద ఉండే 'బెంచ్‌మార్క్' చాలు. ఇప్పుడు వేగం 2 దాటి వెళ్లిందా? వెళితే మీ ప్రాసెసర్, మదర్‌బోర్డులో అధిక భాగం ఆరోగ్యంగా ఉన్నట్టే. బ్యాటరీ మీద నడిచేటప్పుడు లాప్‌టాప్‌లు కొంత వేగం తగ్గించుకుంటాయి, 4 చూడాలని ఆశించకండి. నిండా పని ఉన్నప్పుడు 0.79 మాత్రం రాకూడదు. అలాగే నడుస్తుండగా చార్జర్ గుచ్చండి. రెండు మూడు క్షణాల్లో అంకె 0.79కు జారిపోతే దొంగ దొరికినట్టే.

అప్పుడు చేయాల్సింది ఒకటే, మీ మోడల్‌కు కంపెనీ చెప్పిన వాట్లు గల సరైన చార్జర్ తెచ్చుకోవడం. కొనేముందు వీలైతే అదే రకం లాప్‌టాప్ ఉన్న స్నేహితుల దగ్గర పది నిమిషాలు అరువు అడిగి పెట్టి చూడండి. సరైన చార్జర్‌తో కూడా అదే సందేశం వస్తే అనుమానం లాప్‌టాప్ వైపు రంధ్రం మీదికి మళ్లుతుంది. చాలా మోడళ్లలో ఆ రంధ్రం మదర్‌బోర్డుకు అతికించి ఉండదు. చిన్న కేబుల్‌తో విడిగా వస్తుంది, విడిగానే మార్చుకోవచ్చు. పదేపదే లాగడం వల్లా, తీగ పట్టుకుని లాప్‌టాప్ ఎత్తడం వల్లా పాడయ్యే భాగం అది.

బ్యాటరీ మీద కూడా 0.79 కదలకపోతే? అప్పుడు కథ మారుతుంది. ముసలిదైన బ్యాటరీ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు ఇవ్వలేక చతికిలబడుతుంది, బోర్డు దాన్ని చూసి వేగానికి కళ్లెం వేస్తుంది. టచ్‌ప్యాడ్ పైకి ఉబికినట్టు ఉన్నా, మూత సరిగ్గా మూతపడకపోయినా బ్యాటరీ ఉబ్బిందని గుర్తు. అలాగైతే పరీక్షలన్నీ ఆపి, దాన్ని వాడటం మానేసి, తెలిసినవారి చేత తీయించండి. బ్యాటరీ తీసేసి చార్జర్ ఒక్కదానితో నడిపినా కొన్ని లాప్‌టాప్‌లు కావాలనే వేగం తగ్గిస్తాయి. హఠాత్తుగా వచ్చే అవసరాన్ని చార్జర్ ఒక్కటే తట్టుకోలేదని వాటి భయం. కాబట్టి ఆ స్థితిలో వచ్చిన అంకెను చూసి ఏ నిర్ణయానికీ రావద్దు.

ఇంకా రుజువు కావాలంటే విండోస్ దగ్గరే డైరీ ఉంది. ఈవెంట్ వ్యూయర్ తెరిచి, 'విండోస్ లాగ్స్' కింద 'సిస్టమ్'లో చూడండి. కెర్నల్-ప్రాసెసర్-పవర్ పేరుతో, 37 నంబరుతో హెచ్చరికలు ఉంటే వాటి భావం ఇది: ప్రాసెసర్ వేగాన్ని సిస్టమ్ ఫర్మ్‌వేర్ (బోర్డులోనే ఉండే ప్రోగ్రాం) పరిమితం చేస్తోంది. అంటే ఆ పని చేసింది విండోస్ కాదు, దాని కింద ఉన్న పొర. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలోనైతే ఏ కారణంతో వేగం తగ్గిందో వరుసగా పేర్లు వేసి, ఎదురుగా అవును, కాదు అని చూపిస్తుంది. ప్రాక్‌హాట్ ఎదురుగా 'అవును' ఉండి, పక్కనే ఉష్ణోగ్రత 45, 50 డిగ్రీలే ఉంటే సంకేతం బయటినుంచి వస్తోందని వేరే చెప్పక్కర్లేదు.

ఇంటర్నెట్‌లో వెతికితే మీకు ఇంకో చిట్కా తప్పక ఎదురవుతుంది. థ్రాటిల్‌స్టాప్ అనే ప్రోగ్రాంలో 'బీడీ ప్రాక్‌హాట్' (బీడీ అంటే రెండువైపులా పనిచేసేది) అనే గడిలో టిక్కు తీసేస్తే చాలు, వేగం వచ్చేస్తుందని. నిజంగానే వస్తుంది, చూస్తుండగానే 0.79 కాస్తా 3.9 అవుతుంది. బయటినుంచి వచ్చే సంకేతాన్ని ప్రాసెసర్ వినడం మానేస్తుంది. తన సొంత వేడిని మాత్రం అది చూసుకుంటూనే ఉంటుంది, కాబట్టి ప్రాసెసర్ కాలిపోతుందని భయం లేదు. నాకు అభ్యంతరం వేరే చోట ఉంది. బోర్డు ఆ కేక పెట్టింది చార్జర్ కోసమో, బ్యాటరీ కోసమో, వోల్టేజీ సరిచేసే భాగాల కోసమో. వాటి గోడు వినేవారు ఇక ఉండరు. 65 వాట్ల చార్జర్ చేత 100 వాట్ల పని చేయిస్తే అది వేడెక్కుతుంది, లేదా హఠాత్తుగా ఆగిపోయి మీ పనిని మధ్యలో ముంచుతుంది. కాబట్టి ఆ టిక్కును పరీక్షగా వాడండి: తీసేయగానే వేగం తిరిగి వస్తే, కారణం ఆ సంకేతమేనని తేలింది, మళ్లీ పెట్టేయండి. దాన్నే చికిత్సగా నేను ఒప్పుకునేది ఒక్క సందర్భంలోనే. చార్జర్ వాట్లు సరైనవని, బ్యాటరీ బాగుందని, ఉష్ణోగ్రతలు మామూలుగా ఉన్నాయని, చెడిపోయింది కేవలం గుర్తింపు తీగేనని పక్కాగా తేలాక, రంధ్రం మార్చే దాకా నాలుగు రోజులు నెట్టుకురావడానికి.

మీకు అవసరం పడకపోవచ్చు కానీ, ఇదే ప్రశ్న వేరే అంకెలతో అడిగేవారు ఉంటారు కనుక రెండు మాటలు. వేగం కచ్చితంగా బేస్ స్పీడు దగ్గర ఆగిపోయేవారు కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్లకు వెళ్లి, ప్రస్తుత ప్లాన్ అడ్వాన్స్‌డ్ సెట్టింగులలో 'మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్' చూడండి. అక్కడ 99 అని ఉంటే 100 చేయండి. ఒక్క శాతమే కదా అనిపిస్తుంది, ఆ ఒక్క శాతమే టర్బోను పూర్తిగా ఆపేస్తుంది. వేడి తగ్గుతుందని ఎవరో చెబితే ఎప్పుడో మార్చి మరచిపోయినవారు కోకొల్లలు. అక్కడ సరిగ్గానే ఉంటే బయోస్‌లో (విండోస్ కన్నా ముందు నడిచే, బోర్డులోని ప్రోగ్రాం సెట్టింగులలో) టర్బో ఆపేసి ఉందేమో చూడాలి.

రంపపు పళ్ల గీత కనిపించేవారి సమస్య గాలిది. ఫ్యాన్ విసిరే గాలి సన్నని రాగి లేదా అల్యూమినియం రేకుల మధ్య నుంచి బయటికి పోవాలి. ఫ్యాన్‌కూ ఆ రేకులకూ మధ్య, బయటి నుంచి కనిపించని చోట, దుమ్మూ నూలుపోగులూ పేరుకుని దళసరి నార ముక్కలా అడ్డం పడతాయి. బయటి జాలీ ఎంత తుడిచినా అది పోదు. వెనక మూత తీసి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో ఆపి పట్టుకుని, గాలి డబ్బాతో ఊదాలి. నోటితో ఊదితే తేమ చేరుతుంది. శుభ్రం చేశాక కూడా పని మొదలైన కొన్ని సెకన్లకే 100 డిగ్రీలు తాకుతుంటే ప్రాసెసర్ వేడిని పైనున్న లోహానికి అందించే థర్మల్ పేస్టు ఎండిపోయి ఉంటుంది, అది మార్పించాలి. పరుపు మీద, ఒడిలో దుప్పటి మీద పెట్టుకుని వాడితే కింది గాలి దారులు మూసుకుపోతాయని మళ్లీ చెప్పక్కర్లేదనుకుంటాను.

మీ మదర్‌బోర్డు ప్రశ్నకు వద్దాం. సరైన వాట్ల చార్జర్, ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ, మార్చిన చార్జింగ్ రంధ్రం, తాజా బయోస్ ఇవన్నీ అయ్యాక కూడా 0.79 కదలకపోతే అప్పుడు బోర్డు మీది ఏదో సెన్సరు అబద్ధం చెబుతోందని అనుకోవచ్చు. అప్పుడైనా చిప్ స్థాయిలో మరమ్మతు చేసేవారు ఆ సెన్సరు ఒక్కదాన్నీ వెతికి మార్చగలరు, బోర్డంతా మార్చడం ఆఖరి మాట. రిపేరు చేసే ఆయన దగ్గరికి మళ్లీ వెళితే 'స్లోగా ఉంది' అని చెప్పకండి. చార్జర్ లేకుండా వేగం ఇంత, పెడితే ఇంత అని రెండు అంకెలూ, ఆన్ చేసినప్పటి సందేశం ఫొటో ఆయన ముందు పెట్టండి. బోర్డు మార్చాలని అప్పుడూ అంటే, ఏ పరీక్ష చేసి ఆ మాట అంటున్నారో అడగండి.

ర్యామ్ సంగతి ఇప్పుడు వద్దు. 0.79 దగ్గర నడిచే ప్రాసెసర్ పక్కన ఎంత ర్యామ్ పెట్టినా తేడా తెలియదు. వేగం తిరిగి వచ్చాక, మీరు మామూలుగా తెరిచే ప్రోగ్రాంలన్నీ తెరిచి టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ చూడండి. 80 శాతం పైన ఎప్పుడూ ఉంటే అప్పుడు పెంచండి. అదే పేజీలో స్లాట్లు ఎన్ని ఉన్నాయో, ఎన్ని వాడుకలో ఉన్నాయో కూడా ఉంటుంది. రెండు స్లాట్లలో ఒకటే నిండి ఉంటే రెండోదానిలో అదే పరిమాణం, అదే వేగం ఉన్న ర్యామ్ వేయించండి. రెండూ జంటగా పనిచేస్తాయి కనుక ఒకే పెద్ద ర్యామ్ వేయించడం కన్నా అది మేలు.